కన్యాశుల్కం పాఠానికి తెలుగు వికీసోర్స్: ఎక్కడ అక్కరకొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

గురజాడ ‘కన్యాశుల్కం’ పాఠ్యపుస్తకంలో కనిపిస్తే అది చిన్న ముక్కగానే కనిపిస్తుంది. గిరీశం మాటలకు పిల్లలు నవ్వుతారు, గంట కొడతారు, పాఠం అయిపోతుంది. సుబ్బిని పద్ధెనిమిది వందల రూపాయలకు ఒక ముసలివాడికి కట్టబెట్టబోయారన్న సంగతి మాత్రం తరగతి గది దాకా రాదు. వచ్చినా, అదెప్పటి కాలమో అన్నట్టు దాటిపోతుంది. మూల నాటకాన్నీ దాని వెనకున్న చరిత్రనూ ఇప్పటి బాల్యవివాహాలనూ ఒకచోట పెట్టి నాలుగు పీరియడ్లలో చెప్పాలనుకునే పంతుళ్లకు, పంతులమ్మలకు తెలుగు వికీసోర్స్ (పాత పుస్తకాలను ఉచితంగా ఉంచే, అందరూ కలిసి దిద్దే ఆన్‌లైన్ గ్రంథాలయం) ఎంతవరకు పనికొస్తుందో చూడటమే ఈ సమీక్ష. పుస్తకాలు చదువుకునే మామూలు పాఠకుడి అవసరాలు వేరు, వాటి జోలికి పోవడం లేదు.

ముందు మంచి చెప్పుకోవాలి. వికీసోర్స్‌లో పాఠం పక్కనే అచ్చు పుస్తకం బొమ్మ ఉంటుంది. మిగతా సైట్లలో దొరికే కన్యాశుల్కానికీ దీనికీ ఉన్న తేడా అంతా అక్కడే ఉంది. స్కాన్ నుంచి ఎక్కించిన పుస్తకమైతే చదివే పేజీ అంచున చిన్న అంకెలు కనిపిస్తాయి. అవి అచ్చు పుస్తకంలోని పుటల సంఖ్యలు. అంకె నొక్కితే ‘పుట’ అనే పేజీ తెరుచుకుంటుంది: ఒక వైపు స్కాన్ బొమ్మ, మరో వైపు టైపు చేసిన పాఠం. ‘ఈ మాట గురజాడ నిజంగా రాశాడా, మీరే కలిపారా’ అని ఒక పిల్లో పిల్లాడో అడిగితే జవాబు తెర మీదే చూపించవచ్చు. కులం గురించో ఆడపిల్లల గురించో పాఠం చెప్పినప్పుడు ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, ఇంటి నుంచి కూడా వస్తుంది. అచ్చు పుట ఎదురుగా ఉంటే వాదన పుట మీదికి పోతుంది, పంతులు మీదికి రాదు.

అయితే వికీసోర్స్‌లో ఉన్నదంతా ఒకే నాణ్యతలో లేదు. దీనికి గుర్తులు రంగుల్లో ఉంటాయి. ‘సూచిక’ పేజీ తెరిస్తే పుటల అంకెలన్నీ వరసగా కనిపిస్తాయి. ఎరుపు అంటే యంత్రం చదివిన పాఠం అలాగే ఉంది, ఎవరూ దిద్దలేదని. పసుపు అంటే ఒకరు దిద్దారని. ఆకుపచ్చ అంటే దిద్దినవారు కాక ఇంకొకరు సరిచూశారని. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయడానికి సైటు ఒప్పుకోదు. బూడిద రంగు ఖాళీ పుట, నీలం ఏదో చిక్కున్న పుట. పాఠం పైన కనిపించే రంగుల పట్టీ కూడా ఇదే చెబుతుంది. ఆకుపచ్చ పుటనైతే నేరుగా తరగతికి తీసుకుపోవచ్చు. పసుపు పుటను స్కాన్‌తో ఒకసారి పోల్చుకోవాలి. ఎరుపు పుటను పిల్లల చేతికి ఇవ్వకూడదు.

ఎందుకంటే తెలుగు అచ్చును చదివే యంత్రాలు ఒక పద్ధతిలో తప్పు చేస్తాయి. ‘మ’ను ‘వు’ అనుకుంటాయి, ‘ప’కూ ‘వ’కూ తేడా పట్టలేవు, ‘ఘ’ను ‘ఫు’ చేస్తాయి, ‘ద’, ‘ధ’, ‘థ’ల మధ్య చుక్కా గీతా పోగొడతాయి. అరసున్నను చాలాసార్లు బ్రాకెట్‌గా చదువుతాయి. నాటకానికి ఇంకో బెడద ఉంది: పాత్రల పేర్లు అచ్చులో పొట్టిగా ఉంటాయి, ‘గిరీ’, ‘అగ్ని’, ‘లుబ్ధా’ అని. యంత్రం వాటిని సంభాషణలో కలిపేస్తే ఎవరు ఎవరితో అంటున్నారో తారుమారవుతుంది. సుబ్బి తల్లి వెంకమ్మ మాట తండ్రి అగ్నిహోత్రావధాన్ల నోట్లో పడితే పాఠం అర్థమే తలకిందులవుతుంది. పిల్లలకు ఇచ్చే కాగితం పైభాగాన ఈ పొట్టిపేర్ల పట్టిక ఒకటి తప్పనిసరిగా ఉండాలి.

తీసుకున్న పుట లంకెను రాసుకునేటప్పుడు పక్కనున్న పరికరాల్లో ‘శాశ్వత లంకె’ వాడాలి. మామూలు లంకె రేపు దిద్దిన పాఠాన్ని చూపిస్తుంది, శాశ్వత లంకె ఇవాళ్టి కూర్పునే చూపిస్తుంది. ప్రశ్నపత్రం తయారు చేసేవారికి ఈ తేడా ముఖ్యం.

ఇక కన్యాశుల్కంతో ప్రత్యేకంగా వచ్చే చిక్కు. కన్యాశుల్కాలు రెండు. 1892లో విజయనగరంలో ప్రదర్శించి 1897లో అచ్చువేసింది ఒకటి, అయిదు అంకాలు. 1909లో గురజాడే తిరగరాసింది ఇంకొకటి, ఏడు అంకాలు. ఇప్పుడు అందరూ చదివేదీ ఆడేదీ రెండోదే. మధురవాణి ఇంత పెద్ద పాత్ర అయింది అందులోనే. ‘1892లోనే మధురవాణి చేత ఇలా అనిపించాడు’ అని చెబుతూ 1909 ప్రతిలోని మాట చూపిస్తే చరిత్ర పాఠం బోల్తా పడుతుంది. వికీసోర్స్‌లో ఏ పుస్తకమైనా సూచిక పేజీలో ముద్రణ సంవత్సరం, ప్రచురణకర్త వివరాలు ఉండే గళ్లున్నాయి. అవి ఖాళీగా ఉంటే స్కాన్ మొదటి నాలుగు పుటలు తిప్పి ముఖపత్రం చదువుకోవాలి. తర్వాతి ప్రచురణకర్తలు వర్ణక్రమం మార్చిన ప్రతులు కూడా బోలెడు చలామణీలో ఉన్నాయి. ‘యీ’, ‘వొక’ అన్న గురజాడ రాతలు ‘ఈ’, ‘ఒక’ అయిపోయి ఉంటే అది పాత ముద్రణ కాదని అనుమానించవచ్చు.

పాఠానికి ప్రాణం నాటకంలో కంటే దాని పీఠికలో ఎక్కువుంది. మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక అది. అచ్చు ప్రతులన్నింటిలో ఉండదు, ఉన్నా తెలుగు చెప్పే చాలామంది దాటేస్తారు. దయచేసి దాటేయొద్దు. విజయనగరం మహారాజు చొరవతో విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల (పిల్లనిచ్చినందుకు సొమ్ము పుచ్చుకున్న పెళ్లిళ్ల) జాబితా ఒకటి తయారైంది. దొరికిన లెక్క 1,034. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ అంకెలు బోర్డు మీద రాసి పిల్లల చేతే కూడించాలి: 188. వెయ్యిన్నీ ముప్ఫై నాలుగులో 188 అంటే నూటికి 18 మందికి పైగా. ఐదేళ్లు దాటని పిల్లలు! ఈ లెక్క కట్టాక గిరీశం మాటలకు పిల్లలు నవ్వే తీరు మారుతుంది. నాటకం ఎందుకు రాశాడని వేరే ప్రశ్న అడగక్కర్లేదు.

ఇక్కడే పాఠం తప్పుదారి పట్టే ప్రమాదమూ ఉంది. పక్కనే ఇప్పటి లెక్క పెట్టాలి కదా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో 18 ఏళ్లు నిండకముందే పెళ్లయినవారు దేశంలో 23.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. బోర్డు మీద 18.2 పక్కన 29.3 రాస్తే ఎవరో ఒకరు ‘పెరిగింది’ అనేస్తారు. అవి పోల్చదగ్గ అంకెలే కావు. మొదటిది ఒక జిల్లాలో, ఒక కులంలో, డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్లలో ఐదేళ్లు దాటని పిల్లల వాటా. రెండోది రాష్ట్రమంతటా అన్ని కులాల స్త్రీల నమూనాలో 18 ఏళ్ల లోపు పెళ్లిళ్ల వాటా. హారం వేరు, వయసు గీత వేరు, లెక్క తీసిన తీరు వేరు. ఈ తేడాను పిల్లల చేత చెప్పించడానికి ఒక పీరియడ్ మొత్తం పోయినా నష్టం లేదు. అంకె చూడగానే ‘దేనిలో ఎంత?’ అని అడగడం అలవాటైతే రేపు వార్త చదివేటప్పుడూ అడుగుతారు. వికీసోర్స్ ఈ పనిలో సాయపడదు. సర్వే నివేదికలు దానిలో ఉండవు, విడిగా దించుకోవాలి.

మాటల వెతుకులాట గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఒకసారి వెతికి, చెత్త వస్తే మానేస్తారు. వికీసోర్స్ వెతుకులాటకు తెలుగు విభక్తులు తెలియవు. ‘శుల్కము’ అని వెతికితే ‘శుల్కమునకు’ దొరకదు. చివర నక్షత్రం గుర్తు పెట్టి ‘శుల్కము*’ అంటే రెండూ వస్తాయి. ‘కన్యాశుల్క*’ అని వెతికితే నాటకమే వందలసార్లు వచ్చి మిగతా పుస్తకాలను మింగేస్తుంది. ‘కన్యాశుల్క* -గిరీశ*’ అని, ముందు ఖాళీ వదిలి తీసివేత గుర్తు పెడితే గిరీశం ఉన్న పేజీలు తప్పుకుని, ఆ ఆచారం గురించి ఇతరులు రాసినవి పైకి వస్తాయి.

అసలైన తెలుగు మాట ‘ఓలి’. పిల్లనిచ్చినందుకు పుచ్చుకునే సొమ్ము అది. దీన్ని వెతికితే ప్రబంధాలు వచ్చిపడతాయి, ఎందుకంటే పాత కావ్యభాషలో ‘ఓలి’ అంటే వరుస అని కూడా అర్థం. ఆంధ్రభారతి సైటులోని నిఘంటువుల వెతుకులాటలో ఈ మాట పెడితే శబ్దరత్నాకరం, బ్రౌను, సూర్యరాయాంధ్ర నిఘంటువు పక్కపక్కనే కనిపిస్తాయి, రెండు అర్థాలూ విడివిడిగా తేలతాయి. ‘ఓలి తక్కువని గుడ్డిదాన్ని పెళ్లాడినట్టు’ అన్న సామెత మన ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది. ఆ సామెతలో చూపులేని స్త్రీ పట్ల ఉన్న క్రూరత్వాన్ని పిల్లల ముందు దాచకుండా చెప్పాలి. దాంతోపాటు అది ఇంకో సాక్ష్యం కూడా ఇస్తుంది: ఓలి ఒక్క అగ్రహారాల సంగతి కాదు, జనం సామెత కట్టుకునేంత వాడుకలో ఉన్న ఆచారం. మహారాజు జాబితాలో ఆ మిగతా కుటుంబాలు లేవు. ఆ ఆడపిల్లలను ఎవరూ లెక్కపెట్టలేదు.

ఓలి పోయి కట్నం ఎలా వచ్చిందన్న ప్రశ్న పిల్లలు తప్పక వేస్తారు. దీనికి కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ (1921) తోడు తీసుకోవాలి. 1909 కూర్పుకూ దానికీ మధ్య పన్నెండేళ్లే. ఒకదాంట్లో పిల్లకు వెల కడతారు, ఇంకోదాంట్లో పిల్లాడికి. రెండింటిలోనూ బేరమాడేది పెద్దమనుషులే, పిల్లను అడిగేవారు లేరు. రెండు నాటకాల నుంచి చెరో బేరం రంగం తీసుకుని పక్కపక్కన చదివించడం ఈ యూనిట్‌లో అన్నిటికంటే బాగా పండే పీరియడ్. కన్యాశుల్కం అచ్చులో రంగాలను ‘స్థలము’ అంటారు, అంకం అంకె, స్థలం అంకె రెండూ పిల్లలు రాసుకోవాలి.

దించుకోవడం, అచ్చు వేయించడం. పుస్తకం మొదటి పేజీలో ఉండి ఈపబ్ లేదా పీడీఎఫ్ దించుకుంటే పుస్తకం మొత్తం వస్తుంది. అంకం ఉపపేజీలో ఉండి దించుకుంటే ఆ అంకమే వస్తుంది. తరగతికి కావలసింది రెండోదే. ఈపబ్ కొన్ని పాత ఫోన్లలో ఒత్తులు విడగొట్టి చూపిస్తుంది, పిల్లలకు పీడీఎఫ్ పంపడం క్షేమం. జిరాక్స్, డీటీపీ షాపుకు పాఠాన్ని కాపీ చేసి ఇవ్వొద్దు. చాలా షాపుల్లో ఇంకా ‘అను’ అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలోనే పని జరుగుతుంది. యూనికోడ్ పాఠాన్ని అందులోకి మార్చేటప్పుడు అరసున్నలు, బండి ఱలు, అరుదైన సంయుక్తాక్షరాలు చెడిపోతాయి. పీడీఎఫ్ ఇచ్చి ‘ఉన్నదున్నట్టు తియ్యండి’ అనాలి.

నాటకంలో వితంతువుల మీదా కులాల మీదా తిట్లున్నాయి. వికీసోర్స్ మూలాన్ని మూలంలాగే ఉంచుతుంది, ఉంచాలి కూడా. కానీ ఆ పేజీని ముందుగా చదవకుండా ఒక పిల్లవాడి చేత పైకి చదివించడం తప్పు. ఆ తిట్టు తన కులం పేరో, తన అమ్మ పరిస్థితో అయిన పిల్ల ఆ గదిలోనే కూర్చుని ఉంటుంది. అలాంటి చోట పంతులే చదవాలి, ఆ మాట ఎవరిని ఎలా గాయపరచడానికి వాడారో చదివిన వెంటనే చెప్పాలి.

చట్టం కోసం వికీసోర్స్ దాటి, ప్రభుత్వం చట్టాల పాఠాలు ఉంచే ఇండియా కోడ్ సైటుకు వెళ్లాలి. మూడు మెట్లు చాలు: 1929 శారదా చట్టం పిల్ల పెళ్లికి కనీసం 14 ఏళ్లుండాలంది, 1978 సవరణ 18 చేసింది, ఇప్పుడు నడుస్తున్నది 2006 బాల్యవివాహ నిషేధ చట్టం. దీని మీద పెద్దల్లోనూ ఒక అపోహ ఉంది, బాల్యవివాహం దానంతటదే చెల్లదని. సెక్షన్ 3 ప్రకారం అది చిన్నవయసులో పెళ్లయినవారు కోరితే రద్దయ్యే పెళ్లి. మేజరు అయిన రెండేళ్ల లోపు కోర్టుకు వెళ్లాలి. ఆ గడువు తెలియకే చాలామందికి దారి మూసుకుపోతుంది. జరగబోయే పెళ్లిని సెక్షన్ 13 కింద మేజిస్ట్రేటు ఆపవచ్చు. జరిపించినవారికి రెండేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. ఈ పాఠం చెప్పిన వారంలో ఒక పిల్ల వచ్చి ‘మా అక్కకి చేసేస్తున్నారు సార్’ అనవచ్చు. అందుకు సిద్ధంగా లేకుండా ఈ యూనిట్ మొదలుపెట్టకూడదు. పిల్లల సహాయవాణి 1098 నంబరు మొదటి రోజే బోర్డు మీద ఉండాలి, పిల్ల పేరు తరగతిలో పైకి రాకూడదు.

పిల్లల చేత పుటలు దిద్దించడం ఈ సేవ ఇచ్చే ఇంకో మంచి అవకాశం. ఒక్కొక్కరికి ఒక పుట. స్కాన్ చూస్తూ దిద్దడం, పక్కవాళ్లది సరిచూడటం. లాగిన్ కాకుండా అక్షరాలు దిద్దవచ్చు గానీ పుట స్థితిని ఎరుపు నుంచి పసుపుకు మార్చలేరు. ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి రోజుకు ఆరు ఖాతాలే తెరవనిస్తారు, కాబట్టి నలభై మంది పిల్లలను ఒకే రోజు ల్యాబులో కూర్చోబెడితే ఏడో వాడి దగ్గరే పని ఆగిపోతుంది. వారం ముందునుంచే విడతలుగా తెరవాలి, పిల్లల అసలు పేర్లతో మాత్రం తెరవొద్దు. గట్టిగా చెప్పాల్సిన నియమం ఒకటే: అచ్చులో ఉన్నదే టైపు చేయాలి, మనకు నచ్చినట్టు భాషను సవరించకూడదు.

ఇంత మెచ్చుకున్నాక ఈ సేవలో ఉన్న పెద్ద ఖాళీ గురించి చెప్పకపోతే సమీక్ష అబద్ధమవుతుంది. వికీసోర్స్‌లోకి వచ్చేవి ముఖ్యంగా హక్కులు తీరిపోయిన పుస్తకాలు. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు లెక్క. గురజాడ 1915లో, వీరేశలింగం 1919లో, కాళ్లకూరి 1927లో పోయారు, కాబట్టి వాళ్లు ఎప్పుడో వచ్చేశారు. 1958లో పోయిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ 2019 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. గుర్రం జాషువా పోయింది 1971 జూలైలో. ఆయన కావ్యాలు 2032 జనవరి 1న గానీ రావు. జాషువా తర్వాతి దళిత కవులు, స్త్రీవాద రచయిత్రులు ఇంకెంత దూరమో లెక్కేసుకోండి. కొందరు రచయితలు, వారసులు తమంతట తాము సీసీ (క్రియేటివ్ కామన్స్) లైసెన్సు కింద, అంటే ఇతరులు వాడుకోవడానికి ముందే అనుమతిస్తూ, పుస్తకాలు ఇచ్చారు, అది మెచ్చుకోదగ్గ పని, కానీ ఖాళీ నిండేంత కాదు.

దీని ఫలితం తరగతిలో పడుతుంది. ఉచితంగా దొరికేవాటితోనే పాఠం కడితే, అన్యాయం గురించి మాట్లాడే గొంతులన్నీ సంస్కర్తలవే అవుతాయి. వితంతు వివాహం అంటే 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం జరిపించినదే గుర్తుంటుంది. అదే కాలానికి కాస్త ఇటుగా హైదరాబాదులో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు, దేవదాసీ, జోగిని ఆచారాలకు ఎదురు నిలిచాడు, 1917లో బెజవాడ సభలో, అంటరానివారని దూరం పెట్టినవారికి తగిలించిన ‘పంచములు’ అన్న పేరే వద్దని ‘ఆది ఆంధ్రులు’ అనిపించాడు. గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం వద్దని పాడితే, దళిత కవి కుసుమ ధర్మన్న నల్లదొరతనమూ వద్దని ఎదురుపాట కట్టాడు. ఈ పేర్లు పుస్తకంలో లేకపోతే అన్యాయాన్ని అనుభవించినవాళ్లు నోరులేనివాళ్లని పిల్లలు అనుకుంటారు.

పంచముల గురించి వెతికేవారికి ఒక సూచన: ‘పంచమ*’ అని వెతికితే పంచమి తిథి, పంచమ స్వరం, పంచమ వేదం వచ్చి కూర్చుంటాయి. ‘పంచముల*’, ‘పంచముడ*’ అని విడివిడిగా వెతకాలి. ‘మాల’ అని వెతికితే పూలమాలలే వస్తాయి, ‘మాలపల్లె*’, ‘మాలవాడ*’ మేలు.

జాషువా ‘గబ్బిలం’ కోసం 2032 దాకా ఆగక్కర్లేదు. అచ్చు పుస్తకం అంగట్లో ఉంది, బడి గ్రంథాలయానికి రెండు ప్రతులు కొనిపించండి. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి తన మొర శివుడికి చెప్పమని, గుడిలోకి స్వేచ్ఛగా పోగల గబ్బిలాన్ని పంపడం ఏ తరగతి పిల్లలకైనా వెంటనే తగులుతుంది. కాపీరైటు చట్టం సెక్షన్ 52(1)(i) బోధనలో భాగంగా గురువు గానీ విద్యార్థి గానీ పునర్ముద్రించుకోవడానికి మినహాయింపు ఇస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఫొటోకాపీల కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపును విశాలంగానే చదివింది. తరగతికి కావలసిన పద్యాలు జిరాక్స్ తీసి పంచుకోవచ్చు. వాటిని స్కాన్ చేసి వికీసోర్స్‌లో ఎక్కించడం మాత్రం కుదరదు, ఎక్కించినా తీసేస్తారు.